అప్పడముల అర్థశాస్త్రము

ఈ సంచికకు వ్యాసమొకటి కావలెనని మన సంఘపు కార్యదర్శిగారు కోరుచు, "మీరు లెక్కలవారు గదా, బరంపురపు తెలుగువారి వ్యాపారములను గూర్చి వ్రాయండి" అని సూచించిరి. వ్యాపారములను గూర్చి వ్రాయుటకు మాకు యోగ్యత తక్కువ. 1976 లో మెట్రిక్యులేషను ప్యాసయినది మొదలు 2019 లో పదవీ విరమణ చేయువరకు, ముందొక టోకు ధాన్యపు కొట్టులోను, పిదప నొక కార్యాలయపు లెక్కల శాఖలోను, పరుల జమాఖర్చులు వ్రాయుటయే మా వృత్తిగా నుండినది. లాభమునకు గాని నష్టమునకు గాని మాకెన్నడును పూచీ లేదు. కూడిక సరిపోయినదా లేదా యనునంతవరకే మా బాధ్యత. అయితే మా యింటనే యొక వ్యాపారము ఇరువదియైదేండ్లు నడచినది. అది వ్యాపారమని మాకు తెలిసివచ్చినది, మా చిన్నమ్మాయి విశ్వవిద్యాలయమున ఆ చదువు చదివిన తరువాతనే. ఆ సంగతియే యిక్కడ మనవి చేయుచున్నాము.

మా అమ్మాయి బి.కాం. ముగిసిన పిదప మేనేజిమెంటు చదువవలెనని కోరినది. అర్థశాస్త్రమును వ్యాపారమునకు అన్వయించి చెప్పు చదువది. మా మనస్సు మాత్రము వాల్తేరు మీద నుండెను. 1926 లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు స్థాపితమై, కట్టమంచి రామలింగారెడ్డిగారు దానికి మొదటి ఉపాధ్యక్షులైననాడు మన గంజాము మండలము మదరాసు రాజధానిలోనే యున్నది. 1936 ఏప్రిల్ 1 వ తేదీన ఒడిస్సా ప్రత్యేక రాష్ట్రమై బరంపురము అందు చేరినను, మన యిండ్లలో చదువనగా వాల్తేరు పేరే ముందు వినబడెడిది. పైగా ఈ మేనేజిమెంటు చదువునకు ఆ విశ్వవిద్యాలయము పాత కాపు. కలకత్తా, అహమ్మదాబాదు నగరములందలి ఐ.ఐ.ఎం. లు పుట్టినది 1961 లో, వాల్తేరులో ఎం.బి.ఏ. తరగతులు 1957 లోనే ఆరంభమయినవి.

కాని మా కోరిక తీరలేదు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ననుసరించి అక్కడ నూటికి 85 స్థానములు స్థానికులవి. మిగిలిన కొద్దిపాటి స్థానములకును షరతులు గలవు. మా అమ్మాయి యింట తెలుగు తప్ప మరియొక భాష యెరుగదు. అయినను తెలుగు రాష్ట్రమున స్థానికురాలు కాదు. ఇక్కడ బడిలో పేరడిగి "తెలుగు పిల్లా?" యనెడివారు, అక్కడ దరఖాస్తు చూచి "ఒడిస్సానా?" యనిరి. దీనిని తప్పుపట్టుటకు మాకు మనసొప్పదు. ఎవరి బిడ్డలకు వారు చోటు చూచుకొందురు. ఆ సాయంకాలము దరఖాస్తు కాగితములు మడచి పెట్టెలో పెట్టునప్పుడు మాత్రము కొంత కష్టముగనే తోచినది.

2021 లో ఆమె మన భంజవిహారమునందలి బరంపురము విశ్వవిద్యాలయమున చేరినది. 1967 లో స్థాపితమైన ఆ విశ్వవిద్యాలయము మాకు బస్సు దూరము. ఒక విధముగ మేలే జరిగినది. వాల్తేరు హాస్టలులో నుండి చదివియున్నచో ఆమె చూపు మా వంటయింటి వైపు మరలియుండెడిది కాదు.

ఆ చదువేమో తెలుసుకొనవలెనని మాకును ఉబలాటము కలిగినది. రాత్రి భోజనములైన పిదప ఆమె పుస్తకము విప్పి తనకు తాను చదువుకొనుచుండగా మేము ప్రక్కన కూర్చుండి, ఇదేమి, అదేమి అని అడుగుచుండెడివారము. జోయెల్ డీన్ అను అమెరికా పండితుడు 1951 లో వ్రాసిన గ్రంథముతో వ్యాపార నిర్వహణకు సంబంధించిన అర్థశాస్త్రము ఒక ప్రత్యేక శాఖగా నిలద్రొక్కుకొన్నదట. సరకు చేసినను మానినను తప్పని ఖర్చు స్థిరవ్యయము. చేసినకొలది పెరుగు ఖర్చు చరవ్యయము. ఎంత సరకు అమ్మినచో లాభనష్టములు రెండును లేక గట్టున పడుదుమో ఆ మేర బ్రేక్ ఈవెన్. ఈ మాటలలో సగము మా ధాన్యపు కొట్టు యజమానికి పేరు తెలియకయే తెలియును. ఆయన బియ్యపు బస్తా ఎప్పుడు అమ్మవలెనో, ఎప్పుడు తాళము వేసి కూర్చుండవలెనో ఏ పుస్తకమును చూడకయే చెప్పగలిగెడివాడు. ఆ మాటయే మా అమ్మాయితో ననగా, "ఆయనకు తెలుసు నాన్నా. ఆయన దగ్గర పన్నెండేళ్ళు పనిచేసినా మీకు చెప్పలేదు గదా. మాకు చెప్తున్నారు, అదే తేడా" అన్నది. మేము మారు పలుకలేదు.

మునిగిన ఖర్చు అను మాట యొకటి మాకు బాగుగ పట్టినది. 2011 లో మేము తొమ్మిదివేల రూపాయలు పెట్టి అప్పడము లొత్తు చిన్న మర యొకటి కొంటిమి. దానిలో ఒత్తిన అప్పడము అంచున మందము, నడుమ పలుచన. వేయించిన చోట వేగును, వేగని చోట వేగదు. మా యిల్లాలు వద్దు మొర్రో యన్నను, అంత డబ్బు పోసితిమి గదా యని ఏడాదిపాటు దానితోనే చేయించితిమి. ఆ యేడు పోయిన ఖాతాదారులు మరల రాలేదు. పోసిన డబ్బు ఎటులైనను తిరిగి రానిదే కనుక, ఇకముందు చేయవలసినదానిని నిర్ణయించునపుడు దానిని లెక్కలోనికి తీసికొనరాదని శాస్త్రము చెప్పుచున్నదట. పదేండ్లు ఆలస్యముగ వింటిమి.

ఇక అప్పడముల సంగతి. బరంపురపు పట్టుచీరలకు ఎంత పేరున్నదో మన అప్పడములకు, ఊరగాయలకు నంతే పేరున్నది. మా యిల్లాలు 1997 లో ఇరుగుపొరుగువారికి నాలుగు కట్టలు చేసియిచ్చుటతో మొదలు పెట్టినది. పిమ్మట బజారులోని దుకాణదారు ఒకడు వాడుకగ తీసికొనసాగెను. వానకాలము తప్పించి నెలకు అరువది కట్టలు, కట్టకు నూరు అప్పడములు. మినపపిండి కలుపుట, నూనె చేయి తగిలించి రోకటితో దంచుట, ఉండలు కోయుట, ఒత్తుట, డాబా మీద నీడన ఆరవేసి పిదప ఎండకు చూపించి తీయుట: అన్నియు ఆమెయే. ఉదయము కార్యాలయమునకు పోవుచు సరకు దుకాణమున దింపుట, రాత్రి పద్దు వ్రాయుట మా పని. పద్దు మాత్రము కడు చక్కగ వ్రాసితిమని యిప్పటికిని చెప్పుకొనగలము.

రెండవ సంవత్సరమునకు ముందు, 2022 వేసవిలో, విద్యార్థులు ఏదేని సంస్థలో ప్రాజెక్టు చేయవలసియుండెను. భువనేశ్వరమున రెండు మూడు కంపెనీలకు వ్రాసిన ఉత్తరములకు జవాబు రాలేదు. అప్పటికి తరగతిలో వారికి లిజ్జత్ అప్పడముల కథ పాఠముగ చెప్పియుండిరి. 1959 లో బొంబాయి గిర్గాములో ఏడుగురు స్త్రీలు 80 రూపాయలు అప్పు తెచ్చి మేడమీద ఆరంభించిన పని, దేశమంతట వేలకొలది స్త్రీలకు జీవనోపాధియైన వైనము మేనేజిమెంటు చదువు ప్రతివారును చదువుదురట. అది విని మా యమ్మాయి, మన యింటి అప్పడముల మీదనే వ్రాయుదునని తన ఆచార్యుని అడుగగా ఆయన సంతోషించి అనుమతించిరి. మాకు నవ్వు వచ్చినది. విశ్వవిద్యాలయమునకు పోయి అప్పడములను గూర్చి వ్రాయుటా యని!

పాత పద్దు పుస్తకములు దింపి ఆమె ముందు పెట్టితిమి. ఇరువదియైదేండ్ల పుస్తకములు, ఎర్ర అట్టలవి, పదునొకండు. ఆమె ఒకదానిని తెరచి, కొంతసేపు చూచి, మూసి, "మీరు చదవండి నాన్నా, నేను రాసుకుంటాను" అన్నది. అప్పుడు గదా మాకు జ్ఞాపకము వచ్చినది. పద్దు తెలుగులో నున్నది. ఆమె చదువు ఒడియా, ఇంగ్లీషులలో సాగినది. అంకెలను మేము ఇంగ్లీషువే వేయుదుము గాని, ఆ అంకె దేనిదో ఆమెకు తెలియదు. నాలుగు రాత్రులు మేము చదివితిమి, ఆమె వ్రాసికొన్నది. పప్పు, మరకూలి, ఇంగువ, జీలకర్ర, రిక్షాకూలి, డాబాకు సున్నము వేసినవానికి కూలి మూడువందలు, తడిసి పారవేసిన సరకు రెండు కట్టలు. నాలుగవనాటి రాత్రి ఆమె కలము ఆపి, "ఇన్ని కూలీలున్నాయి గదా, అమ్మ కూలి ఏ పుటలో రాశారు?" అని అడిగినది.

"ఇంటి మనిషికి కూలియేమిటమ్మా?" అంటిమి.

ఆమె వాదింపలేదు. మరునాటినుండి పదునైదు దినములు గడియారము పట్టుకొని తల్లి ప్రక్కన కూర్చున్నది. కట్ట యొకటికి అన్ని పనులకు కలిపి మూడు గంటలు పట్టుచున్నట్లు తేలినది. పప్పు, మరకూలి నూటయిరువది, తక్కిన దినుసులు ఇరువదియైదు, సంచులు అయిదు, వెరసి ఖర్చు నూటయేబది రూపాయలు. దుకాణదారు ఇచ్చునది రెండువందల యిరువది. మిగులు డెబ్బది. అరువది కట్టలకు నెలకు నాలుగువేల రెండువందలు లాభమని మా పద్దు. ఆ సొమ్ముతోనే పిల్లల ఫీజులు కట్టితిమి, పెద్దమ్మాయి పెండ్లికి గొలుసు చేయించితిమి. అది మా గర్వము.

మా యమ్మాయి ఆ డెబ్బదిని మూటితో భాగించినది. గంటకు ఇరువదిమూడు రూపాయలు, కొంత చిల్లర. ఆ యేడు ఒడిస్సాలో గ్రామీణ ఉపాధి పథకపు దినవేతనము 222 రూపాయలు. ఎనిమిది గంటలకు పంచినచో గంటకు 27 రూపాయల 75 పైసలు. ఊరి చివర మట్టి మోయు కూలికి దక్కునది మా యింటి యిల్లాలికి దక్కలేదు. ఆ రేటుననే ఆమెకు కూలి కట్టినచో కట్టకు 83 రూపాయల పావలా అగును. అనగా కట్టకు పదమూడు రూపాయల పైచిలుకు నష్టము, నెలకు 795 రూపాయల నష్టము. లాభమని ఇరువదియైదేండ్లు మేము దస్తూరీ తిప్పి వ్రాసినది ఆమె కూలిలోని ముక్కయే.

అంతకంటెను మమ్ము తాకిన అంకె వేరొకటి గలదు. అరువది కట్టలకు మూడేసి గంటల చొప్పున నెలకు నూట యెనుబది, అనగా దినమునకు ఆరు గంటలు. వంట, నీళ్ళు, మా తల్లిగారి సేవ ఇవిగాక. "ఆరు గంటలా?" అన్నది మా యిల్లాలు కూడ. ఆమెయును ఎన్నడు కూడి చూచుకొనలేదు.

లిజ్జత్ కథలో తాను గమనించిన విశేషమును అప్పుడు మా యమ్మాయి చెప్పినది. అక్కడ స్త్రీలు పిండి ఇంటికి తీసికొనిపోయి, ఒత్తి, మరునాడు అప్పడములు అప్పగించి, కిలో లెక్కన ఒత్తుడు కూలి పుచ్చుకొందురు. లాభము సంగతి ఆ తరువాత. కూలి ముందు పుటలో నున్నది.

ఈ చిక్కు క్రొత్తది కాదట. పిగూ అను ఇంగ్లీషు పండితుడు 1920 లోనే, ఒకడు తన యింటి పనికత్తెను పెండ్లియాడినచో దేశపు ఆదాయము లెక్కలో తగ్గిపోవునని వింతగ చూపినాడు. చేయు పని అదే, జీతము మాత్రము ఆగిపోవును గదా! మన దేశముననే 1950 ల దశాబ్దమున ప్రభుత్వము జరిపించిన వ్యవసాయ పరిశీలనలలో, రైతు కుటుంబపు శ్రమకు బజారు కూలి కట్టగా సేద్యము అనేక చోట్ల నష్టముగ తేలినది. నష్టమయినచో రైతు మానడేమి? బయట ఆ కూలికి పని దొరకనివానికి తన శ్రమ విలువ ఆ కూలి కాదని 1962 లో అమర్త్య సేన్ వివరించిరి. మా యమ్మాయి ఆచార్యులును ఇదే దారిని నడచిరి. "మీ అమ్మగారు అప్పడములు చేయకపోయినచో ఆ ఆరు గంటలలో ఏమి సంపాదించెడివారు? ఏమియు లేదన్నచో ఆ గంటల అవకాశ వ్యయము సున్నకు దగ్గర. మీ తండ్రిగారి పద్దు అంత తప్పు కాదు" అనిరట. ఒక పని చేయుటచే మరి యే పని చేయలేకపోతిమో దాని విలువయే అవకాశ వ్యయము. ఆమె ఈ మాట వచ్చి చెప్పగనే మేము ఊపిరి పీల్చుకొంటిమి. ఎంతయినను ఆచార్యులవారు గదా, మా పద్దును కాపాడిరి అనుకొంటిమి.

మా యిల్లాలు వంటయింటి గుమ్మమున నిలువబడి వినుచుండెను. "నాకు వేరే పనేం లేదని ఆయనకెవరు చెప్పారు?" అన్నది.

ఆమె కోపముతో ననలేదు. అడిగినది, అంతే. పిమ్మట పీట వాల్చుకొని కూర్చుండి చెప్పినది. ఆమె తెలుగు బడిలో ఎనిమిదవ తరగతి వరకు చదివినది. కాపురమునకు వచ్చిన క్రొత్తలో సాయంకాలములందు మా డాబా మీద వీధిలోని తెలుగు పిల్లలు ఏడెనిమిదిమందిని కూర్చుండబెట్టుకొని, అక్షరములు దిద్దించి, పెద్దబాలశిక్ష చెప్పెడిది. జీతము లేదు, పండుగకు ఎవరైన పండో కొబ్బరికాయో తెచ్చి యిచ్చెడివారు. మా పెద్దమ్మాయి ఆ గుంపులోనే కూర్చుండి తెలుగు చదువ నేర్చినది. 2004 లో దుకాణదారు రెట్టింపు సరకు అడిగినాడు. డాబా అప్పడములకు కావలసివచ్చినది, సాయంకాలములును కావలసివచ్చినవి. పిల్లలను రావద్దన్నది. మా చిన్నమ్మాయికి అప్పుడు నాలుగేండ్లు. సరిగ అక్షరములు దిద్దింపవలసిన వయస్సు.

అది చెప్పి ఆమె లేచి పోయినది. మేము పద్దు పుస్తకముల వైపు చూచితిమి. వాటిని నాలుగు రాత్రులు మాచేత చదివించుకొన్న బిడ్డ తల వంచుకొని ఏదో గీయుచుండెను. మా యింటిలో తెలుగు అక్షరము ఆగినది ఫీజు డబ్బు కొరకు. ఆ ఫీజు డబ్బుతోనే ఆమె చదువుకొని వచ్చి మాకు అవకాశ వ్యయము చెప్పుచున్నది. ఫీజు కట్టకుండుట మంచిదని ఎవరనగలరు? మా యిల్లాలు ఈనాటికిని అనదు. ఆ సాయంకాలములు ఊరకయే వచ్చినవని ఇన్నాళ్ళు అనుకొన్న మనిషిని మాత్రము మేమే.

ప్రాజెక్టులో ఆమె దీనికొక చిన్న అధ్యాయము వ్రాసినది. మౌఖిక పరీక్షలో ఒకరు, "దీనికి విలువ ఎంత కట్టితివి?" యని యడుగగా, కట్టలేదని చెప్పినదట. ఒక మార్కో రెండు మార్కులో పోయి యుండవచ్చును.

ఇక ధర. కట్ట రెండువందల యేబదికి అమ్మవలెనని ఆమె పట్టుపట్టినది. మేము భయపడితిమి. ధర పెంచినచో గిరాకీ ఎంత తగ్గునో చూపు లెక్కలు ఆమె వేసినది గాని, అవి అంతగ నిజము కాలేదు. తగ్గడనుకొన్న దుకాణదారు ఆ మరునాడే వేరొకరి సరకునకు మరలినాడు. పోదురనుకొన్న ఇండ్లవారు పోలేదు. ఒక పెద్దావిడ, "ఇన్నాళ్ళూ ఎందుకు పెంచలేదమ్మా?" అని తిరిగి అడిగినది. నెలకు అరువది కట్టలు నలుబదియైనవి. కట్టకు నూరు చొప్పున మిగులు నాలుగువేలు. అనగా మునుపటి కంటె రెండువందలు తక్కువ, పని అరువది గంటలు తక్కువ. గంటకు ముప్పదిమూడు రూపాయలు. నలుబది యేండ్ల పైచిలుకు లెక్కలు వ్రాసిన మాకు ఈ చిన్న గుణకారము తోచకపోవుటకు కారణమేమని ఆలోచించితిమి. గంటలను వ్రాయుటకు మా పద్దులో గడి లేదు. గడి లేనిది మా కంటికి కనబడలేదు. ఇప్పుడు ఎర్రగీత గీసి ఒక గడి కలిపితిమి. అందు ముందుగ అమ్మ కూలి జమ యగును. దానిని ఆమె పేర పోస్టాఫీసున వేయుచున్నాము. మొదటి నెల సొమ్ము ఇచ్చినపుడు ఆమె సిగ్గుపడి, "ఇదేం చోద్యం, నలుగురూ వింటే నవ్విపోతారు" అన్నది. తీసికొన్నది.

మిగిలిన ఆ అరువది గంటలలో మరల వీధి పిల్లలను పిలుచునని మేము తలచితిమి. మొదటి రెండు నెలలు మధ్యాహ్నములు నిదురపోయినది. మేము ఏమియు అనలేదు.

మా చిన్నమ్మాయి 2023 లో పట్టా పుచ్చుకొని యిప్పుడు భువనేశ్వరమున ఉద్యోగము చేయుచున్నది. ఈ వ్యాసమును ఆమె చదువలేదు. వచ్చినపుడు చదివి వినిపించుదుము. కిందటి దసరా సెలవులకు వచ్చినపుడు తానే పలక కొని తెచ్చికొని, తల్లి యెదుట కూర్చున్నది. ఇరువదియైదేండ్ల పిల్లకు మా యిల్లాలు చేయి పట్టి దిద్దించుట చూచి మాకు నవ్వును వచ్చినది, మరియొకటియు వచ్చినది. అది మొదలు ఆదివారములు ఫోనులో తల్లి చెప్పును, ఆమె కాగితము మీద వ్రాసి బొమ్మ తీసి పంపును. పని యొత్తిడిచే నడుమ అనేక ఆదివారములు తప్పినవి. 'థ' కును 'ధ' కును ఇంకను తడబాటే. మొన్నటి ఆదివారమునకు క గుణింతము ముగిసినది.